చిలుకకు ఏం పెడుతున్నాం?

చిలుక అనగానే మనవాళ్లకు జామపండు గుర్తుకొస్తుంది. తమిళనాట కొయ్యా అన్నా, కన్నడసీమలో సీబె అన్నా, మహారాష్ట్రలో పేరూ అన్నా, ఒడిశాలో పిజులి అన్నా పండు అదే, దాన్ని కొరికే ఎర్రముక్కూ అదే. జామపండు తర్వాత పచ్చిమిరపకాయ, నానబెట్టిన సెనగలు, పాలన్నం. ఈ నాలుగూ ఉంటే చిలుకకు లోటు లేదని మన పెద్దలు అనేవారు. నిజానికి వీటిలో రెండు మంచివి, ఒకటి కొంచెం జాగ్రత్తతో పెట్టదగినది, ఒకటి పెట్టకూడనిది. పెట్టకూడనిది పాలన్నమే. పక్షులు పాలు తాగి పెరిగే జీవులు కావు. పాలలోని చక్కెరను అరిగించే శక్తి వాటి కడుపుకు లేదు. ప్రేమగా కలిపిపెట్టిన ఆ ముద్ద విరేచనాలకు దారితీస్తుంది. ఎండాకాలంలో గంట గడిస్తే అదే పులిసి, మరింత చేటు చేస్తుంది.

మేత సంగతికి ముందు చట్టం సంగతి ఒకటి చెప్పుకోవాలి. మెడచుట్టూ గులాబీ రంగు పట్టీ ఉండే మన రామచిలుకను, 2018లో ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్రపక్షిగా ప్రకటించుకున్న ఆ పక్షినే, పట్టుకోవడం, అమ్మడం, కొనడం, పంజరంలో పెట్టడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పించింది. 2022లో చేసిన సవరణ తర్వాత కూడా ఆ రక్షణ అలాగే ఉంది. సంతలో బుట్టలో పిల్లలను పెట్టుకుని అమ్మేవాడు "ఏం కాదు సార్, అందరూ పెంచుకుంటున్నారు" అంటాడు. ఆ మాట కోర్టులో పనికిరాదు. భద్రాచల రామదాసు గారు పూర్వజన్మలో ఒక చిలుకను పంజరంలో ఉంచినందుకే పన్నెండేళ్లు చెరసాలలో ఉన్నారని మన ఇళ్లలో చెప్పుకునే కథ ఉంది కదా. చట్టసభల కంటే ముందే మన జానపదులు ఆ తీర్పు ఇచ్చేశారు!

ఎవరింట్లోనైనా రామచిలుక ఇప్పటికే ఉంటే కిటికీ తెరిచి వదిలేయవద్దు. చేతిమేత తిని పెరిగిన పక్షికి సొంతంగా మేత వెతుక్కోవడం రాదు, గద్దను చూసి తప్పుకోవడం తెలియదు. అటవీశాఖ వారికి తెలియజేయడమే సరైన దారి. ఇక ఆఫ్రికన్ గ్రే, మకావ్, కాకటూ వంటి పెద్ద విదేశీ చిలుకలు ఉన్నవారు 2024లో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర ప్రభుత్వ 'పరివేష్' పోర్టల్‌లో వాటిని నమోదు చేయించుకోవాలి.

మన మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి బడ్జీలు, కాకటీళ్లు. రెండూ చిలుక కుటుంబానివే, రెండింటి పుట్టిల్లూ ఆస్ట్రేలియాయే. మన ఊళ్లలో బడ్జీలనే 'లవ్‌బర్డ్స్' అంటారు గానీ అసలు లవ్‌బర్డ్ ఆఫ్రికాకు చెందిన వేరే పక్షి. ఈ వ్యాసంలో చెప్పేది ముఖ్యంగా ఈ చిన్న పక్షుల గురించి. చాలా మాటలు పెద్దవాటికీ వర్తిస్తాయి.

గింజలు మాత్రమే పెడితే

పక్షుల దుకాణంలో పంజరంతో పాటు ఒక కిలో గింజల పొట్లం ఇస్తారు. అందులో ఎక్కువ భాగం కొర్రలు. చెన్నైలో తినై, బెంగళూరులో నవణె, ముంబై వైపు కంగ్నీ అని అడిగితే ఇచ్చేది ఇదే. దానికి తోడు వరిగలు, సజ్జలు, కాకటీళ్లకైతే పొద్దుతిరుగుడు గింజలు. "గిన్నె నింపి పెట్టండి, నీళ్లు పోయండి, అంతే" అని దుకాణదారు చెబుతాడు. ఆ 'అంతే' దగ్గరే చిక్కు వచ్చింది.

కొర్రలు చెడ్డవి కావు. ఆస్ట్రేలియా మైదానాల్లో బడ్జీలు తినేది గడ్డిగింజలే. కానీ అక్కడ అవి ఒకే గడ్డి తినవు. రకరకాల గడ్డి, పాలుపోసుకునే దశలోని పచ్చిగింజలు, లేత ఆకులు తింటాయి. వాటికోసం రోజూ మైళ్లకొద్దీ ఎగురుతాయి. మన వరండాలో రెండడుగుల పంజరంలో కూర్చుని ఎండిన కొర్రలు మాత్రమే తినే పక్షి లెక్క వేరు. పొద్దుతిరుగుడు గింజలో దాదాపు సగం కొవ్వే. ఎండుగింజల్లో 'ఎ' విటమిన్ లేనట్టే లెక్క, సున్నం బహు తక్కువ, అయొడిన్ కూడా తక్కువే. బ్యాంకు భాషలో చెప్పాలంటే, కొవ్వు జమ అవుతూ ఉంటుంది, తక్కినవన్నీ ఖర్చు అవుతూ ఉంటాయి. నిల్వ ఎంతో చూసుకునే పాస్‌బుక్ మాత్రం పక్షి దగ్గర ఉండదు.

పైగా పక్షి తన జబ్బును దాచుకుంటుంది. అడవిలో నీరసంగా కనబడిన పక్షి వెంటనే గద్ద పాలవుతుంది కనుక, ఓపిక ఉన్నంతవరకు బాగున్నట్టే కనబడటం దాని స్వభావం. ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చుందంటే నిన్ననో మొన్ననో మొదలైన జబ్బు కాదని అర్థం. లోపల చాలా రోజులుగా నడుస్తున్నది అప్పటికి బయటపడింది.

హోసూరులో మాకు దూరపు బంధువుల ఇల్లు ఒకటి ఉంది. మూడు నాలుగు తరాలుగా అక్కడే స్థిరపడిన కుటుంబం. మనవళ్లు తమిళంలోనూ ఇంగ్లీషులోనూ చదువుకుంటున్నారు, ఇంట్లో తెలుగు నిండుగా మాట్లాడేది డెబ్బై దాటిన అవ్వగారు ఒక్కరే. పిల్లలు కొనితెచ్చిన మగ బడ్జీని ఆవిడ దగ్గరకు తీశారు. మగ బడ్జీలు మాటలు బాగా పట్టుకుంటాయి. గొంతు సన్నగా, వడిగా ఉంటుంది గానీ, చెవి పెట్టి వింటే మాట స్పష్టమే. ఆవిడ రోజూ పొద్దున అడిగే మాటనే అది తిరిగి ఆవిడను అడిగేది: "అవ్వా, తింటివా?" మనవళ్లకు అది పెద్ద వినోదం. పిట్టతో పోటీపడి వాళ్లూ ఆ మాట అనేవారు. ఆ ఇంట్లో పిల్లల నోట అంత తెలుగు వినబడటం అప్పుడే చూశాను.

రెండేళ్లు గడిచాక ఆ పిట్ట మాట్లాడటం మానేసింది. గొంతు మారింది. ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా కీచుమన్న చప్పుడు. తిన్న గింజలు బయటకు కక్కేది. అలిగిందన్నారు ఒకరు, దిష్టి అన్నారు ఇంకొకరు. చివరికి పక్షుల సంగతి తెలిసిన పశువైద్యుడికి చూపిస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఏం పెడుతున్నారు?" కొర్రలు, రెండేళ్లుగా కొర్రలు మాత్రమే. అయొడిన్ చాలక మెడలోని థైరాయిడ్ గ్రంథి ఉబ్బి గాలిగొట్టాన్ని నొక్కుతోందని ఆయన తేల్చారు. మనుషులకు వచ్చే గాయిటర్ లాంటిదే. గింజలు మాత్రమే తినే బడ్జీలలో ఇది పశువైద్యులకు బాగా తెలిసిన జబ్బు. అయొడిన్ చుక్కలు నీళ్లలో ఎంత కలపాలో ఆయన కొలిచి చెప్పారు, మేత మార్పించారు. కొన్ని వారాలకు ఊపిరి కుదుటపడింది. మాట పూర్తిగా రాలేదు. "అవ్వా" వరకు వచ్చి ఆగింది. అవ్వగారు తక్కిన సగం తానే పూరిస్తారు.

ఎవరూ పిట్టను ఆకలితో మాడ్చలేదు. గిన్నె ఏనాడూ ఖాళీగా లేదు. అయినా ఇలా జరిగింది.

పెరటి ఆకులో ఉన్నది

'ఎ' విటమిన్ కొరత చిలుకలలో అన్నిటికంటే ఎక్కువగా కనబడే లోపం. తుమ్ములు, ముక్కు కారడం, కళ్లచుట్టూ వాపు, నోటిలో తెల్లని పొక్కులు దాని గుర్తులు. మందు మన వంటింట్లోనే ఉంది. కేరెట్, ఎర్రగుమ్మడి, ఉడికించిన చిలగడదుంప, బొప్పాయి, మామిడిపండు: లోపల పసుపు, నారింజ రంగు ఉన్నవి, వాటితో పాటు ముదురాకుపచ్చ ఆకుకూరలు. వీటిలోని కెరోటిన్‌ను పక్షి తన ఒంట్లో 'ఎ' విటమిన్‌గా మార్చుకుంటుంది.

నన్నడిగితే మునగాకుకు మొదటి స్థానం ఇస్తాను. ఒడిశాలో సజనా శాగ అని రోజూ వండుకునేవారికీ, తమిళనాట మురుంగక్కీరై, కర్ణాటకలో నుగ్గెసొప్పు అని బజారులో కట్టలు కొనేవారికీ దాని విలువ చెప్పనక్కరలేదు. కెరోటిన్, సున్నం రెండూ ఉన్న ఆకు అది. రెబ్బను బాగా కడిగి, తడి ఆరకముందే పంజరం ఊచలకు కట్టండి. బడ్జీ ఆ తడి ఆకుల్లో దూరి ముందు స్నానం చేస్తుంది, తర్వాత తింటుంది. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. తోటకూర, మెంతికూర, కొత్తిమీర కూడా మార్చిమార్చి పెట్టవచ్చు. పాలకూర మాత్రం అప్పుడప్పుడే. అందులోని ఆక్సలేట్లు సున్నాన్ని ఒంటికి పట్టనివ్వవు. బీట్‌రూట్ పెట్టిన మర్నాడు రెట్ట ఎర్రగా ఉంటే కంగారుపడకండి, అది దుంప రంగే. ఏ ఆకైనా పురుగుమందు పోయేలా రెండు మూడు నీళ్లలో కడగాలి. మనకు పట్టేంత మందు వేరు, ముప్పై అయిదు గ్రాముల పిట్టకు పట్టేంత మందు వేరు.

పచ్చిమిరపకాయ సంగతి చాలామంది అడుగుతారు. మనం నోరు ఊదుకుంటూ తినేదాన్ని అది అంత హాయిగా ఎలా నములుతుంది? మిరపలోని ఘాటు పదార్థం మన నరాలలోని ఒక గ్రాహకానికి తగిలితే మంట అనిపిస్తుంది. పక్షులలో ఆ గ్రాహకం వేరేగా ఉంటుంది, ఘాటు దానికి తగలదు. గుంటూరు మిరపైనా వాటికి కూరగాయే. మిరప గింజలను దూరదూరాలకు చేరవేసేవి పక్షులే కనుక మొక్క వాటిని మినహాయించిందని శాస్త్రజ్ఞులు అంటారు. పండుమిరపలో 'ఎ', 'సి' విటమిన్లకు కావలసినది బాగా ఉంది. కాబట్టి మిరపకాయ విషయంలో పెద్దలదే ఒప్పు. కాకపోతే మిరప మన దేశానికి పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారితో వచ్చిన పంట. చిలుకకు మిరపకాయ పెట్టే ఆచారం మనం అనుకున్నంత ప్రాచీనం కాజాలదు.

సున్నానికి సముద్రపు నురుగు. సముద్రంలోని ఒక జీవి వెన్నులో ఉండే తెల్లని పెంకు ఇది. తమిళనాట నాటుమందుల కొట్లలో కడల్ నురై అంటే ఇస్తారు. ఊచకు తగిలిస్తే పక్షి తనకు కావలసినప్పుడు గీక్కుంటుంది. ఆడపక్షికి ఇది తప్పనిసరి, ఎందుకంటే సున్నం చాలకపోతే గుడ్డు లోపలే అడ్డుపడి ప్రాణం మీదకు వస్తుంది. కోడిగుడ్డు పెంకును పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, పొడిచేసి పెట్టినా సరే. సున్నం ఒంటికి పట్టాలంటే ఎండ కావాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు, అవసరమైన కిరణాలను అద్దం ఆపేస్తుంది. పొద్దుటి ఎండలో పంజరాన్ని సగం నీడలో, సగం ఎండలో ఉంచితే చాలు. మొత్తం ఎండలో వదిలేస్తే వడదెబ్బ తగులుతుంది.

సెనగలు, పెసలు మొలకెత్తించి పెట్టవచ్చు. చెన్నై, యానాం వంటి ఉక్కపోత ఊళ్లలో మొలకలకు ఒక్క పూటలో జిగురు, వాసన వస్తాయి. అలాంటివి పారేయండి. రాజ్మా వంటి పెద్ద చిక్కుళ్లు పచ్చివి ఎంతమాత్రం పెట్టకూడదు, పూర్తిగా ఉడకాలి. గుడ్డు తినని ఇళ్లవారు బెంగపడనక్కరలేదు, ఉడికించిన పప్పుగింజలతో మాంసకృత్తుల అవసరం చాలావరకు తీరుతుంది.

పెల్లెట్లు అని అన్ని పోషకాలూ కలిపి చేసిన గుళికలు ఇప్పుడు దొరుకుతున్నాయి. పక్షివైద్యులు పెద్ద చిలుకలకు వాటినే ప్రధానాహారంగా సిఫారసు చేస్తారు. మంచివే, ఖరీదు ఎక్కువ. బడ్జీ, కాకటీళ్లకు గింజలు కొంత, పెల్లెట్లు కొంత, ఆకులు కూరలు కొంత అనేది మన జేబుకూ పిట్టకూ కుదిరే ఏర్పాటు. పండు కొద్దిగానే పెట్టాలి, అందులో చక్కెర ఎక్కువ.

మన పళ్లెంలోంచి పెట్టే ముక్క

మనం తినేటప్పుడు అది భుజం మీద వాలి చూస్తుంటే ఒక ముక్క విరిచి పెట్టకుండా ఉండలేం. ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. బడ్జీ బరువు సుమారు 35 గ్రాములు. అయిదు గ్రాముల జంతిక ముక్క దాని బరువులో ఏడో వంతు. అరవై కిలోల మనిషి అదే నిష్పత్తిలో తినాలంటే ఒక్క కూర్చోవడంలో ఎనిమిదిన్నర కిలోల జంతికలు తినాలి. ఆ ఉప్పు, ఆ నూనె ఏం చేస్తాయో ఊహించుకోండి. మిక్చర్, అప్పడం, ఊరగాయ, చిప్స్ అన్నిటిదీ ఇదే లెక్క. కాఫీ, టీ ఒక్క చుక్క వద్దు. చాక్లెట్ విషం. ఉల్లి, వెల్లుల్లి పెట్టకూడదు. ఆపిల్ ముక్క మంచిదే గానీ గింజలు తీసేయాలి. సీతాఫలం గింజలూ అంతే.

అన్నిటికంటే ప్రమాదకరమైనది అవకాడో. బెంగళూరులో బటర్ ఫ్రూట్ అని ప్రతి జ్యూసు దుకాణంలోనూ కనబడుతుంది, కొడగు, కొడైకెనాల్ కొండల్లో పండుతుంది. మనుషులకు బలమైన ఆహారమని ఈమధ్య ఇళ్లలోకీ వచ్చింది. అందులో ఉండే పెర్సిన్ అనే పదార్థం పక్షి గుండెను దెబ్బతీస్తుంది. కొద్దిపాటి ముక్కకే గంటల్లో ప్రాణం పోవచ్చు.

వేరుసెనగలు పెట్టేవారు బూజు లేదని చూసుకోవాలి. కంటికి కనబడని బూజులోనూ కాలేయాన్ని తినేసే విషం ఉంటుంది. మేత కాకపోయినా వంటింటికి సంబంధించిన మాట మరొకటి: నాన్‌స్టిక్ దోసె పెనం పొయ్యిమీద మరచిపోయి మాడితే వచ్చే పొగ పక్షులను నిమిషాల్లో చంపుతుంది. మనకు వాసన కూడా తెలియకపోవచ్చు. పంజరం వంటింట్లో ఉండకూడదు.

అలవాటు మార్చడం

కొర్రలకు అలవాటుపడిన పిట్ట కేరెట్‌ను చూసి భయపడుతుంది. దానికి అది ఆహారమని తెలియదు. "ఆకలేస్తే అదే తింటుంది" అని గింజలు ఒక్కసారిగా ఆపేయడం చాలా తప్పు. చిన్న పక్షి ఒకటి రెండు రోజుల ఉపవాసానికే కుప్పకూలిపోతుంది. పొద్దున్నే, ఆకలిమీద ఉన్నప్పుడు ముందు ఆకు, కేరెట్ తురుము పెట్టండి. గంటన్నర, రెండు గంటల తర్వాత తీసేసి గింజలు ఇవ్వండి. తురుములో నాలుగు కొర్రలు కలిపితే వాటికోసం వెతుకుతూ తురుము రుచి చూస్తుంది. మీరు దాని ఎదుట ఒక ముక్క నమలండి. ఇంట్లోవాళ్లు తినేది తినదగినదే అనుకుంటుంది. వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

గింజల గిన్నె విషయంలో ఒక హెచ్చరిక. చిలుకలు గింజను ఒలిచి పప్పు తిని, పొట్టు మళ్లీ గిన్నెలోనే వదులుతాయి. పైకి చూస్తే గిన్నె నిండుగానే కనబడుతుంది. ఊరికి వెళుతూ పక్కింటివారికి అప్పగించినప్పుడు "గిన్నె నిండుగానే ఉందండీ" అని వారు నిజాయితీగానే చెబుతారు, లోపల ఉన్నది మాత్రం పొట్టు. నిండు గిన్నె ముందు పస్తులుండి చనిపోయే పక్షులు ఇలాగే పోతాయి. రోజూ పొట్టు ఊదేయాలి. ఆ మాట పక్కింటివారికి చెప్పి మరీ వెళ్లాలి.

చెన్నై రాయపేటలో జోసెఫ్ శేఖర్ గారనే కెమెరాలు బాగుచేసే ఆయన 2004 సునామీ తర్వాత తన మేడమీద వాలిన రామచిలుకలకు నానబెట్టిన బియ్యం పెట్టడం మొదలుపెట్టారు. వందలు వేలైనాయి. సాయంత్రం డాబా అంతా పచ్చగా మారిపోయేది, చూడటానికి జనం వచ్చేవారు. బియ్యం మాత్రమే పెడితే ఆ చిలుకలు ఎలా బతికాయి అని ఎవరైనా అడగవచ్చు. అవి ఆ మేడమీద తిన్నది పలహారం మాత్రమే. తక్కిన రోజంతా వేపపండు, రావిపండు, చిగుళ్లు, తోటల్లో జామ, ఏది కావాలంటే అది వెతుక్కుని తిన్నాయి. పంజరంలోని పక్షికి ఆ వెతుకులాట లేదు. మనం పెట్టిందే దాని లోకం. రామచిలుక మీద మనసున్నవారు డాబామీద గింజలు, మట్టిమూకుడులో నీళ్లు పెట్టుకోవచ్చు. దానికి ఏ చట్టమూ అడ్డురాదు.

చివరగా బరువు. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద చిన్న కర్ర కట్టి వారానికొకసారి, పొద్దున మేతకు ముందు తూచి కేలండర్‌లో రాయండి. బడ్జీ 30 నుంచి 40 గ్రాములు, కాకటీల్ 80 నుంచి 100 గ్రాములు ఉంటుంది. పదోవంతు తగ్గిందంటే, ఆడుతూ పాడుతూ ఉన్నా సరే, డాక్టరు దగ్గరకు తీసుకెళ్లవలసిందే. వీధి చివరి పశువైద్యుడికి కుక్కలు, గేదెలు తెలిసినంత పక్షులు తెలియకపోవచ్చు. చెన్నై వెపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల, బెంగళూరు హెబ్బాళలోని పశువైద్య కళాశాల, ముంబై పరేల్‌లోని పశువైద్య కళాశాల, భువనేశ్వర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు పశువైద్య కళాశాల, వీటిలో ఎక్కడైనా అడిగితే పక్షులను చూసేవారి వివరం తెలుస్తుంది. వెళ్లేటప్పుడు ఆ కేలండర్ కాగితం, మీరు పెడుతున్న మేత గుప్పెడు, ఆ రోజు రెట్ట ఉన్న పంజరం అడుగు కాగితం వెంట తీసుకెళ్లండి. డాక్టరుగారు ముందు అడిగేవి అవే.